విస్తరిలో విడిచిన అన్నము

మన కృష్ణా మండలములో ఇంటియందు అన్నము పారవేయు ఇల్లాలు అరుదు. రాత్రి మిగిలిన అన్నములో నీళ్లు పోసి ఉంచి తెల్లవారి చద్దన్నముగా పెట్టును. మజ్జిగ పులిసినయెడల పులుసు కాచును. పిండి పులిసినయెడల అట్లు పోయును. నేలమీద పడిన మెతుకును కాలితో త్రొక్కిన పిల్లవానిని కండ్ల కద్దుకొమ్మని చెప్పును. అదే కుటుంబము పెండ్లి విందునకు గాని, బెజవాడలో హోటలునకు గాని వెళ్లినయెడల వేరొక తీరు కానవచ్చును. పులిహోర సగము, కూర పావు, మిఠాయి ఒక ముక్క విస్తరిలోనే విడిచి అందరును చేతులు కడుగుకొందురు. ఇంటిలో తెలిసిన మెతుకు విలువ వీధిగడప దాటగానే ఎక్కడికి పోవుచున్నది?

ఇది డబ్బు మదమని కొందరందురు. చూపు మీద ఆశ అని మరికొందరందురు. రెండింటను కొంత నిజము లేకపోలేదు గాని పూర్తి జవాబు దొరకదు. ఏలయనగా, డబ్బు లేనివాడును విడుచుచున్నాడు, మితముగా తినువాడును విడుచుచున్నాడు. మన ప్రాంతపు చరిత్రను కొంత వెనుకకు వెళ్లి చూచినయెడల, బయట భోజనములో అన్నము పాడగుటకు కారణము ఆకలి లేకపోవుట కాదనియు, మర్యాదయే అనియు తెలియును. ఆతిథ్యము, ఎంగిలి, పరువు అను మూడు తలంపులు మన విస్తరి మీద కూర్చున్నవి. వాటి కథ తెలిసిననే గాని అన్నము నిలుపుకొను మార్గము మనకు దొరకదు.

కరవు నేర్పిన పాఠము

గన్నవరము డెల్టా అంచున ఉన్న ఊరు. ఉత్తరమున మెట్ట, దక్షిణమున కాలువల క్రింది మాగాణి. ఆ వరిచేలను చూచువాడు ఈ నేల ఎల్లప్పుడును అన్నపు గిన్నెయే అని తలంచును. కాని కృష్ణ ప్రక్కనే పారుచుండగా ప్రజలు ఆకలితో చచ్చిన దినములు గలవు. 1832-33లో, నందన నామ సంవత్సరమున వచ్చిన కరవును పెద్దలు డొక్కల కరవు అని పిలిచిరి. డొక్కలు తప్ప మనిషిలో మరేమియు మిగులలేదని ఆ పేరే చెప్పుచున్నది. ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని నాటి లెక్క. నదిని కట్టవలెనను తలంపు ఆ తరువాత బలపడెను. ఆర్థరు కాటను ప్రోత్సాహముతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో, బెజవాడయొద్ద ఆనకట్ట పని 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. 1957లో దాని చోట ప్రకాశము బ్యారేజి నిలిచెను. కాబట్టి మన వరి అన్నపు సమృద్ధికి వయస్సు నూట డెబ్బది యేండ్లు మాత్రమే. అంతకు మునుపు, అటు తరువాతను చాల కాలము, పేదల ఇండ్లలో జొన్నన్నము, సంకటి దినభోజనము. వరి అన్నము పండుగనాటి మాట.

ఆనకట్ట నీరు అందని చోట్ల ఆకలి ఇంకను పోలేదు. 1876-78 నాటి కరవును మనవారు ధాత కరవు అందురు. అప్పుడు ఒంగోలులోని మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కాంట్రాక్టుగా తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపెను. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులకు నిర్ణయించిన కూలి మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. పౌను అనగా మన అరకిలో కంటె తక్కువ. అది ప్రాణము నిలుపుటకు చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు గట్టిగా వాదించెను. ఆ కరవు ముగియుచుండగా, 1878 జులై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘ చరిత్రలో అందరెరిగినదే. తీరాంధ్ర సంఘములలో నేడు బెంచీలమీద కూర్చుండువారిలో అనేకులు ఆ పౌను ధాన్యముతో బ్రతికినవారి మునిమనుమలు.

ఇట్టి నేలమీద ఒక విలువ పుట్టెను. ఆకలి ఎరిగిన దేశములో అన్నము పెట్టుటను మించిన దానము లేదు. బంగారమిచ్చినను ఇంకను కావలెనని మనిషి అనును, అన్నము పెట్టినప్పుడే చాలు అనును అని మన పెద్దలు చెప్పుదురు. ఇంటికి వచ్చినవాడు కడుపు నిండక వెళ్లుట గృహస్థునకు తలవంపు. ఈ విలువ మంచిది. దీనిని మనము పోగొట్టుకొనరాదు. అయితే ఇదే విలువ చోటు మారినప్పుడు ఏమగునో చూడవలెను.

ఆతిథ్యము

మన కృష్ణ ఒడ్డుననే శ్రీకాకుళమను గ్రామము గలదు. అచ్చటి ఆంధ్రవిష్ణువు ఆలయమున విడిసినప్పుడు ఆముక్తమాల్యద వ్రాయవలెనను ప్రేరణ కలిగెనని శ్రీకృష్ణదేవరాయలే ఆ గ్రంథములో చెప్పెను. ఆయన ఏలుబడి 1509 నుండి 1529 వరకు. ఆ కావ్యపు తొలిభాగములో విల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడను భక్తుని ఇల్లు వర్ణింపబడినది. వానకాలపు రాత్రులందును ఆ ఇంటికి అతిథులు వచ్చుచుందురు. వారికి అన్నము పెట్టుచు ఆ గృహస్థుడు, కూరలు ఎక్కువగా లేవనియు, వేడిగా లేవనియు, దయయుంచి భుజింపవలెననియు వేడుకొనును. పెట్టువాడే క్షమాపణ చెప్పుకొనుట గమనింపుడు. అయిదు వందల యేండ్ల తరువాతను మన ఇండ్లలో ఈ మాట మారలేదు. పది రకములు వండిన ఇల్లాలును "ఏమీ చేయలేదండీ, ఉన్నదేదో తినండి" అనును.

గన్నవరమను పేరు మన ఊరికి ఒక్కదానికే లేదు. కోనసీమలో లంకల గన్నవరము గలదు. అక్కడ డొక్కా సీతమ్మగారు, 1841 నుండి 1909 వరకు జీవించిన ఇల్లాలు, వేళకాని వేళ వచ్చిన బాటసారులకును పొయ్యి వెలిగించి వండిపెట్టి పేరు పొందెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె ఇంటి అన్నము విరివిగా పెట్టబడినదే గాని వృథా అయిన అన్నము కాదు. వచ్చినవారిని చూచి ఎసట పోయునట్టి ఇంటిలో గిన్నె కొలత ఇల్లాలి చేతిలో ఉండును. మిగిలినది ఇంటివారు తిందురు.

చిక్కు ఎక్కడనగా, ఈ మర్యాద ఇల్లు విడిచి పందిరిలోనికి వచ్చినప్పుడు. పందిరిలో వండినవాడు వేరు, పెట్టువాడు వేరు, వడ్డించువాడు వేరు. కొసరి కొసరి వడ్డించుటయే ప్రేమకు గుర్తు. "ఇంకొక్క గరిటె బావగారూ" అనును. "వద్దండీ, చాలు" అని ఇతడనును. మొదటిసారి వద్దన్నవాడు మొహమాటపడుచున్నాడని వడ్డించువాడు తలంచును. రెండవసారి వద్దన్నవాడు మర్యాదకు అనుచున్నాడని తలంచును. మూడవసారి అడుగకయే వేయును. మన విందులలో మర్యాదకు చెప్పు 'వద్దు' అను మాటయు, నిజముగా చెప్పు 'వద్దు' అను మాటయు ఒక్కటే. కాబట్టి మాట చేయలేని పనిని విస్తరి చేయవలసి వచ్చినది. ఆకు ఖాళీయైనయెడల మరల వడ్డింతురు. పెట్టినది చాలలేదేమోనని ఇంటివారు చిన్నబోవుదురు. కొంత విడిచినప్పుడే "తృప్తిగా తింటిని" అని వారికి నమ్మిక కలుగును. ఇట్లు ఇద్దరు మర్యాదస్థుల నడుమ అన్నము పాడగుచున్నది.

ఈ తీరు మనకు మాత్రమే ఉన్నదని అనుకొనవలదు. చైనా దేశములోను విందునందు గిన్నెలన్నియు ఖాళీ చేసినయెడల పెట్టినవానికి లోటు చేసినట్లు తలంచు ఆచారము గలదు. అచ్చట 2013లో పళ్లెము ఖాళీ చేయుడని పెద్ద ప్రచారము సాగెను. 2021 ఏప్రిల్ 29న ఆహారపు వృథాను అరికట్టు చట్టమే వచ్చినది.

పూటకూళ్లు, కాఫీ హోటళ్లు

డబ్బిచ్చి బయట తినుట మనకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేరనున్న క్రీడాభిరామములో ఓరుగల్లు పట్టణపు పూటకూళ్ల భోజనము కానవచ్చును. ఒక రూకకు మంచి బియ్యపు అన్నము, గోధుమపిండి వంటకము, పంచదార, క్రొత్త నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, గట్టి పెరుగు అచ్చట దొరకెనట. 1892లో మొదట ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను చదివినవారందరు ఎరుగుదురు. పూటకూళ్లమ్మ డబ్బు తీసికొన్నను ఇల్లాలే. ఎవడు ఎంత తినునో ఆమెకు తెలియును. విడిచినవానిని గద్దించు చనువును ఆమెకు ఉండెను.

1889లో సికింద్రాబాదునుండి రైలు బెజవాడకు వచ్చెను. 1893లో కృష్ణమీద రైలు వంతెన తెరువబడెను. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలియు జంక్షనుగా బెజవాడ పెరిగెను. బాటసారులు పెరిగినకొలది కాఫీ హోటళ్లు వెలసెను. గాంధీనగరములో 1942లో ఆరంభమైన బాబాయి హోటలు ఇడ్లీ పేరు నేటికిని మనవారి నోట వినబడును. అయితే టిఫినుకును భోజనమునకును ఒక భేదము గలదు. ఇడ్లీ లెక్క ప్రకారము వచ్చును. రెండు చెప్పినవాడు రెండు తిని లేచును. భోజనమునకు లెక్క లేదు. ఫుల్ మీల్సు అనగా ఒక్క వెలకు ఎంతైనను. బకెట్టు, గరిటె పట్టుకొని కుర్రవాడు వరుసలో వేగముగా నడచుచుండును. వద్దు అని చెప్పులోగా సాంబారు విస్తరిలో పడును.

హోటలులో గృహస్థుడు లేడు, జీతగాడున్నాడు. కాని తినువాడు విందునకు వచ్చిన అతిథి మర్యాదలనే వెంట తెచ్చుకొనెను. దానికి తోడు మరియొక తలంపు చేరెను: "డబ్బు ఇచ్చితిని, తిందునో విడుతునో నా ఇష్టము." పండించినవాని చెమట, వండినవాని శ్రమ ఆ వెలలో కనబడవు. పాత ఆతిథ్యపు విరివియు, క్రొత్త కొనుగోలు హక్కును ఒక్క బల్లమీద కలిసికొన్నవి. ఈ రెంటిలో ఏదియు అన్నమును కాపాడునది కాదు.

ఎంగిలి

ఇప్పుడు చెప్పవలసినది కష్టమైన సంగతి. అయినను మన సంఘములు దీనిని మరువరాదు.

ఒకడు తాకి తినిన అన్నము ఎంగిలి. అది గిన్నెలోనికి తిరిగి రాకూడదు, సాటివానికి పెట్టకూడదు. పరిశుభ్రతకు ఇది మంచి నియమమే. కాని కులము ఈ నియమమునకు ఒక వాలు ఏర్పరచెను. ఎంగిలి అన్నము పైకి పోదు, ప్రక్కకు పోదు, క్రిందికి మాత్రము పోవును. ఊరి పెద్దల పెండ్లిండ్లలో ఎవరు మొదటి బంతిలో కూర్చుండవలెనో, ఎవరు కడపటి బంతిలో కూర్చుండవలెనో కులమే నిర్ణయించెను. ఏ బంతిలోను చోటు లేనివారు పందిరి వెలుపల విస్తళ్ల కుప్పయొద్ద గంపలు పట్టుకొని నిలిచియుండిరి. వారు మన పల్లెలవారు, మన గూడెములవారు. కొన్ని పనులకు ఆ ఎంగిలియే కూలిగా ఎంచబడెను.

దీనివలన జరిగినది గమనింపుడు. విస్తరిలో ఎంత విడిచినను పెట్టువారికి అది వృథా అనిపింపలేదు. "ఎవరో ఒకరు తిందురులే" అని వారి మనస్సు నెమ్మదిగా ఉండెను. వందలకొలది యేండ్లు మన దేశపు విందులలోని వృథా బయటపడకపోవుటకు కారణము, దానిని మన తాతల ఆకలి కప్పిపెట్టుటయే.

ఆ కుప్పయొద్దనుండి లేచుట ఒక్కనాటి పని కాలేదు. 1859లో రాఘవాపురములో పగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిననాటినుండి కృష్ణా ప్రాంతములో ఒక క్రొత్త బల్ల వేయబడెను. ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఆ బల్లయొద్దకు వచ్చుటకును కులమును గుమ్మము బయట విడుచుట అందరికి సులువు కాలేదు. అయినను బంతి వెలుపల ఎవరును ఉండరాదను మాట అక్కడ వినబడెను. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన జరిగిన మహాసభ పంచములను పేరును త్రోసివేసి ఆది ఆంధ్రులను పేరు నిలిపెను. 1927 మార్చిలో మహారాష్ట్రములోని మహద్‌లో డాక్టరు అంబేద్కరుగారు తన జనులతో, పారవేసిన ఎంగిలి మెతుకులు తినుట మానవలెనని ఖండితముగా చెప్పెను. ఉయ్యూరు ప్రక్కనున్న ముదునూరులో గోరాగారు పౌర్ణమి రాత్రులలో అన్ని కులములవారిని ఒక్క బంతిలో కూర్చుండబెట్టి సహపంక్తి భోజనములు నడిపెను. ఆయన దేవుడు లేడనినవాడు. అయినను ఈ పనియందు ఆయనకు చెల్లవలసిన గౌరవము చెల్లింపవలెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసి, హోటళ్లలోనికి ఎవరిని రానీయకపోవుటకును వీలు లేదనెను. 1955లో దానికి శిక్షల చట్టము తోడయ్యెను. కాగితముమీది మాట టీ కొట్టు బల్లవరకు చేరుటకు ఇంకను చాల ఏండ్లు పట్టెను.

ఎంగిలి ఎత్తుకొనువారు నిరాకరించిన దినముననే విస్తళ్ల కుప్ప తన నిజరూపమున కనబడెను. అది ఎన్నడును దానము కాదు, పాడుచేసిన అన్నమే.

పరువు

మరి బంతిలో చోటు దొరికిన తరువాత మనమేమి చేసితిమి? అందరివలె కూర్చుంటిమి, అందరివలె విడుచుట నేర్చుకొంటిమి. మన భాషలో ఒక ఎత్తిపొడుపు మాట గలదు: "కరవులోనుండి వచ్చినట్లు తినుచున్నాడు" అని. ఆకు ఊడ్చి తినువాడు ఆకలిగొన్న ఇంటివాడని నలుగురు తలంతురేమో అను భయము మన ఎముకలలో ఉన్నది. డొక్కల కరవు, ధాత కరవు దాటివచ్చినవారి బిడ్డలకు, కుప్పయొద్ద నిలిచినవారి మనుమలకు ఆ మాట మరింత గుచ్చుకొనును. కాబట్టి ప్రక్కవాడు విడిచినంత మనమును విడుతుము. అది మన పరువు. ఆ భయము ఎక్కడనుండి వచ్చెనో ఎరిగినవాడు ఎవరిని నిందింపలేడు. అయినను ఒక మాట చెప్పక తప్పదు. కుప్పయొద్దనుండి లేచి వచ్చితిమని చూపుటకు మనమే మరియొక కుప్ప వేయుచున్నాము.

పరువు మారునా? మారును. దానికి మన దేశములోనే సాక్ష్యము గలదు. 1942లో జపాను సైన్యము బర్మాను పట్టుకొనగా అచ్చటి బియ్యము రాక ఆగిపోయెను. బియ్యమునకు కంట్రోలు, రేషను వచ్చెను. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రములో కంట్రోలు ఎత్తివేయువరకు జనులు కొలిచి వండుట తప్పనిసరి అయ్యెను. అది బలవంతపు మితము. కంట్రోలు పోగానే ఆ మితమును పోయెను. 1965లో జరిగినది వేరు. యుద్ధము, ధాన్యపు కొరత ఒక్కసారి వచ్చినప్పుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమునకు ఒక పూట భోజనము మానుడని జనులను అడిగెను. సోమవారపు రాత్రి అనేక పట్టణములలో హోటళ్లు పొయ్యి వెలిగింపలేదు. ఇండ్లలోను మానిరి. ఎవరును పోలీసులను పంపలేదు. తినకపోవుట ఆ రాత్రి లేమికి గుర్తు కాక గౌరవమునకు గుర్తయ్యెను. అడిగినవాడు తన ఇంట మొదట చేసి అడిగినవాడు. ఉత్తరువు వలన కానిది గౌరవము వలన అయ్యెను.

నేటి విందు

నేడు పందిరి పోయి ఫంక్షను హాలు వచ్చినది. గన్నవరము విమానాశ్రయము ఎదుట జాతీయ రహదారిమీద వెళ్లువాడు హోటళ్ల దీపములు లెక్కింపలేడు. బంతి వడ్డనలో కొసరుట వలన వృథా అగుచున్నదని బఫే తెచ్చితిమి. గరిటె తినువాని చేతికే వచ్చినది. అయినను వృథా ఆగలేదు. ఏలయనగా, విందు గొప్పతనము రకముల లెక్కలోనికి మారినది. ఇరువది రకములున్నచోట ప్రతిది రుచి చూడనియెడల పెట్టినవారిని చిన్నచూపు చూచినట్లని అతిథి తలంచును. మరల వరుసలో నిలువలేక ఒక్కసారే పళ్లెము నింపుకొనును. హోటలులో అందరికిని చెప్పువాడు ఒక్కడు, డబ్బు ఇచ్చువాడును అతడే. ఇక చాలు అన్నయెడల పిసినారి అందురేమోనని అతడింకొక బిర్యానీ చెప్పును. మిగిలినదానిని పొట్లము కట్టించుమనుటకు బిడియపడును. అమెరికాలోని మన తెలుగు బిడ్డలు అక్కడి హోటళ్లలో మిగిలినది డబ్బాలో పెట్టించుకొని ఇంటికి తెచ్చుకొందురు. అక్కడ సిగ్గు కానిది ఇక్కడ సిగ్గు ఏల అయినది? అన్నము ఒక్కటే, నలుగురి చూపు వేరు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయ్యెను. అందులో ఇండ్లలోనిది 63 కోట్ల టన్నులు, హోటళ్లు, వంటశాలలవంటి చోట్లది 29 కోట్ల టన్నులు. అదే కాలమున 78 కోట్లమంది ఆకలితో ఉండిరి. మన దేశములో 2017 మార్చిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో ఈ సంగతి ఎత్తెను. హోటళ్ల వడ్డనకు కొలత నిర్ణయించు ఆలోచనను నాటి ఆహార మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ చెప్పెను. అట్టి చట్టము రాలేదు. 2019లో, మిగిలిన సురక్షితాహారమును సేకరించి పంచువారికి ఆహార భద్రతా సంస్థ నిబంధనలు చేసెను. 2024 ఆగస్టు 15న గుడివాడలో మరల తెరువబడిన అన్న క్యాంటీనులో అయిదు రూపాయలకు పూట భోజనము పెట్టిరి. ఆ రిక్షావాడు, ఆ కూలివాడు టోకెను తీసికొని బంతిలో నిలిచి తిను అన్నము ఎంగిలి కాదు, దయాభిక్షయు కాదు. దానిని వెలయిచ్చి కొనెను.

పరిగెయు ఎంగిలియు

మన గ్రంథములో రెండు సంగతులు ఈ విషయమును తాకుచున్నవి. మొదటిది పరిగె. లేవీయకాండము 19వ అధ్యాయములో పొలము కోయువాడు అంచులు పూర్తిగా కోయక, రాలిన వెన్నులు ఏరుకొనక, బీదలకును పరదేశులకును విడువవలెనని నియమము గలదు. రూతు చరిత్రలో బోయజు మరి కొంత ముందుకు వెళ్లెను. ఆమెకొరకు పనలలోనుండి కొన్ని పిడికెళ్లు కావలెనని విడువుడనియు, ఆమెను సిగ్గుపరచవలదనియు పనివారితో చెప్పెను. పరిగెకును ఎంగిలికిని భేదము ఇదియే. పరిగె యజమాని నోటికి పోకమునుపు విడిచినది. ఎంగిలి అతని నోటికి చాలి మిగిలినది. పరిగె ఏరుకొన్న రూతు తల ఎత్తుకొని ఇంటికి పోయెను. రెండవది యోహాను 6వ అధ్యాయములోని సంగతి. అయిదువేలమంది తృప్తిగా తినిన తరువాత మిగిలిన ముక్కలు ఏమియు పాడుకాకుండ పోగుచేయుమని ప్రభువు చెప్పగా పండ్రెండు గంపలు నిండెను. విరివిగా పెట్టినవాడే పోగుచేయుమనెను. విరివిగా పెట్టుటకును వృథా మానుటకును వైరము లేదు.

కాబట్టి అన్నము రక్షింపబడవలసిన చోటు గిన్నెయొద్దనే. గిన్నెలో ఉన్నంతసేపు అది అన్నము. ఎవరికైనను గౌరవముతో పెట్టవచ్చును. విస్తరిలో పడి మిగిలినది ఎవరికిని పనికిరాదు, పనికిరాకూడదు కూడ. మన తాతలు ఆ కుప్పయొద్దనుండి లేచిరి, మరల ఎవరిని అక్కడ నిలువబెట్టకూడదు.

ఈ యేటి కోతపండుగ విందులో మన సంఘములు నాలుగు పనులు చేయవచ్చును. మొదట కొద్దిగా వడ్డించి, అడిగినవారికి ఎన్ని మారులైనను వడ్డింపవలెను. ఒక్కసారి 'చాలు' అనినవాని మాట నమ్మి గరిటె వెనుకకు తీయవలెను. రకములు తగ్గించి, అందరికిని చాలునట్లు వండవలెను. వంట పూర్తియైన వెంటనే, మొదటి బంతి కూర్చుండకమునుపే, మందిరమునకు రాలేని ముసలివారికిని, జబ్బువారికిని, ఊరిలోని ఆకలి ఇండ్లకును క్యారియరులు నింపి పంపవలెను. అది పరిగె. హోటలునకు వెళ్లినవారు తక్కువ చెప్పి, కావలసినయెడల మరల చెప్పవచ్చును. గరిటెతో తీసికొనగా గిన్నెలో మిగిలినది ఎంగిలి కాదు. దానిని పొట్లము కట్టించుమని పిల్లలయెదుట, బంధువులయెదుట గట్టిగానే చెప్పవలెను.

పెద్దలు ఆకు శుభ్రముగా తిని లేచినయెడల పిల్లలు చూతురు. శాస్త్రిగారు తన ఇంట మొదట చేసినట్లు, సంఘ పెద్దలును కాపరులును తమ విస్తరితో ఆరంభింపవలెను. "కరవులోనుండి వచ్చినట్లు తినుచున్నాడు" అని ఎవడైన నవ్వినయెడల, అవును, మేము కరవులోనుండి వచ్చినవారమే, అందుచేతనే మెతుకు విలువ మాకు తెలియును అని చెప్పుటకు సిగ్గుపడవలసిన పని లేదు.